పలుపు, గుంజ, దరి: రోడ్రిగ్స్ ద్వీపంలో ఏడు రోజులు

మారిషస్‌లో స్థిరపడిన మన కుటుంబాలలో చాలామందికి రోడ్రిగ్స్ అన్నది వాతావరణ వార్తలలో మాత్రమే వినిపించే పేరు. తుపాను హెచ్చరికలు వెలువడే రోజుల్లో రోడ్రిగ్స్‌కు ఎంత దూరంలో ఉన్నది, అక్కడినుండి మనవైపు మళ్ళుతుందా అని చెవులు రిక్కించి వింటాము. గండం గడిచాక ఆ పేరు మళ్ళీ మరచిపోతాము. మన దేశంలోనే భాగమైన ఆ ద్వీపం మనకు తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరంలో సముద్రం నడుమ ఒంటరిగా ఉన్నది. వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు. నలభై వేలకు కొంచెం పైబడిన జనం. 2002 నుండి తమ వ్యవహారాలను చూసుకొనేందుకు వారికి సొంత ప్రాంతీయ సభ కూడా ఉన్నది. అక్కడికి వెళ్ళి వచ్చామని చెబితే, బంధువులలో సగంమంది "అక్కడ చూడడానికి ఏమున్నది?" అని అడిగారు. ఏమున్నదో చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

సెలవులంటే మా ఇంట్లో మామూలుగా రెండే దారులు. డబ్బు కూడితే తిరుపతి, కూడకపోతే సముద్రపు ఒడ్డున రెండు రోజులు. ఈసారి రోడ్రిగ్స్ అన్నది పిల్లల నాయనమ్మ కోరిక. ఆమెకు డెబ్బై తొమ్మిదేళ్ళు. విమానం ఎన్నడూ ఎక్కలేదు. కీర్తిశేషులైన తాతయ్య పోర్ట్ లూయీ రేవులో బస్తాలు మోసేవారు. రోడ్రిగ్స్‌కు వెళ్ళే ఓడలోకి బియ్యం, పిండి ఎక్కించేవారు. అదే ఓడ తిరిగి వచ్చినపుడు ఆవులు, మేకలు, వెల్లుల్లి, ఎండబెట్టిన ఆక్టోపస్ దింపేవారు. ఓడనుండి దిగిన ఆవులు కదలనని మొరాయించేవని, వాటిని బుజ్జగిస్తూ తెలుగులో పిలిచేవారమని, ఫ్రెంచి తెలిసిన దొర చెప్పిన మాటకన్నా ఆ పిలుపే అవి బాగా వినేవని తాతయ్య చెప్పేవారట. ఆ ఆవుల ఊరు చూడాలని నాయనమ్మకు మనసులో ఉండిపోయింది.

మాకు మరొక కారణం ఉన్నది. మా అబ్బాయి తొమ్మిదో గ్రేడు చదువుతున్నాడు. వచ్చే ఏడు ఏయే విషయాలు చదవదలచుకున్నాడో రాసి ఇవ్వవలసిన ఫారం సెలవులకు ముందే ఇంటికి వచ్చింది. తెలుగు అన్న గడి ఎదుట అతడు గీత పెట్టలేదు, కొట్టివేయనూ లేదు. కారణం అడిగితే క్రియోల్‌లో ఇలా అన్నాడు: "నేను తెలుగులో చదివే వస్తువులేవీ మన చుట్టూ లేవు. ఉడుత అంటారు, ఒంటె అంటారు, ఈ దేశంలో అవి ఎక్కడున్నాయి? మన చుట్టూ ఉన్నవాటికేమో తెలుగు పేర్లు నాకు ఎవరూ చెప్పలేదు." ఒకటో తరగతి వాచకం తెరచి చూస్తే ఆ మాటకు బదులు చెప్పడం కష్టమే. మాలో ఒకరు మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు చదువుకున్నవారు. ఛందస్సు తెలుసు, సంధులు తెలుసు. అయినా ఆ పూట ఇద్దరమూ ఊరుకున్నాము. ఫారం మడతపెట్టి ప్రయాణపు సంచిలో పెట్టాము.

విమానం చిన్నది, రెండు పంకాలది. గంటన్నర ప్రయాణం. నాయనమ్మ కిటికీ పక్కన కూర్చుని దారిపొడవునా రామనామం జపించారు. దిగబోయే ముందు క్రింద కనిపించినది మొదట నేల కాదు, నీరు. ద్వీపం చుట్టూ పగడపు దిబ్బ ఒక గోడ కట్టినట్లు నిలిచి ఉంటుంది. దాని వెలుపల అలలు తెల్లగా విరుగుతుంటాయి. లోపల లేతాకుపచ్చని నీరు కదలకుండా పరచుకొని ఉంటుంది. ఆ లోతులేని కడలి వైశాల్యం ద్వీపం వైశాల్యానికి సుమారు రెండింతలు. నడుమ గోధుమరంగు కొండలు. చెరకు తోటల పచ్చదనానికి అలవాటుపడిన మా కళ్ళకు ఆ నేల ఎండిపోయినట్లు తోచింది. నిజానికి అక్కడ నీటికి ఎప్పుడూ కొరతే. ఇంటింటా కప్పుమీద పడిన వానచినుకు తొట్టిలోకి చేరేలా గొట్టాలు అమర్చుకొని ఉంటారు.

మేము దిగిన ఇల్లు దక్షిణపు వాలున ఉన్న ఒక కొండ పల్లెలో ఉన్నది. ఇంటి యజమానురాలు అరవై దాటిన ఆవిడ. అక్కడి మర్యాద ప్రకారం మేమందరం ఆవిడను 'తాంతిన్' అని పిలిచాము. అంటే అత్తో పిన్నో, ఏదైనా కావచ్చు. రెండు గదులు అతిథులకు ఇస్తారు. వారు తినేదే మనకూ పెడతారు. ఆగస్టు నెల అక్కడ చలికాలం. ఆగ్నేయపు గాలి పగలూ రాత్రీ వీస్తూనే ఉంటుంది. తలుపులు కొట్టుకోకుండా ఒక్కొక్క తలుపుకు ఒక్కొక్క రాయి అడ్డం పెట్టి ఉన్నది. సాయంత్రం నాలుగు దాటితే బస్సులు తగ్గిపోతాయి, అంగళ్ళు మూసివేస్తారు, తరువాత వినిపించేది గాలి, కోడి, మేక. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. మొదటి రాత్రి "ఇక్కడ చప్పుడు ఎవరు ఆపివేశారు?" అని అడిగింది.

మరునాటి ఉదయం జరిగినది చిన్న విషయమే. తాంతిన్ ఇంటివెనుక వాలులో ఒక ఆవును కట్టివేసి ఉన్నారు. రాత్రి గాలికి బెదిరి అది కట్టుకొయ్యను పెకలించుకొని మొక్కజొన్న చేలోకి దిగింది. తాంతిన్ కేకలు వేస్తూ పరుగెత్తారు. మా అబ్బాయి వెంట పరుగెత్తాడు. గుమ్మంలో కూర్చున్న నాయనమ్మ లేచి నిలబడి, ఎన్నడూ మేము వినని గొంతుతో, "పలుపు పట్టుకోరా! పలుపు! మెడ కాదు!" అని అరిచారు. అబ్బాయి తిరిగి చూశాడు. అతనికి ఆ మాట తెలియదు. కానీ ఆవు మెడనుండి నేలమీద ఈడ్చుకొనిపోతున్న తాడు ఒక్కటే అక్కడ పట్టుకోదగినది. పట్టుకున్నాడు. ఆవు ఆగింది.

కొయ్యను మళ్ళీ నేలలో దిగగొట్టేటపుడు నాయనమ్మ దగ్గరకు వచ్చి, దాన్ని గుంజ అంటారని, వదులు నేలలో నిటారుగా పాతకూడదని, ఆవు లాగే దిక్కుకు ఎదురుగా వాల్చి పాతాలని చూపించారు. ప్రక్కన ఉన్నది ఆడదూడ కనుక పెయ్య. మగదైతే కోడెదూడ. ఆవు పిల్లను కనలేదు, ఈనింది. తాంతిన్ బియ్యం కడిగిన నీళ్ళు, కూరల తొక్కలు కలిపి కుండలో తెచ్చి ఆవు ముందు పెట్టగానే నాయనమ్మ "కుడితి" అన్నారు, ఎవరో పాత స్నేహితురాలు ఎదురుపడినట్లు. ఆ మాటలన్నీ ఆమె నోటినుండి మేము మొదటిసారి విన్నాము. ఇంట్లో ఆమె మాట్లాడేది క్రియోల్. తెలుగు అన్నది భజనకు, పూజకు, సింహాద్రి అప్పన్నకు. ఆమె పుట్టినది చెరకు తోట పక్కన కూలీల లైన్లలో. అక్కడ ప్రతి ఇంటికీ ఒక ఆవు ఉండేదట. పెళ్ళయి పట్టణానికి వచ్చాక ఆవు లేదు. ఆవు లేనపుడు పలుపు అన్న మాటతో ఎవరికి పని?

పుస్తకపు తెలుగు చదివిన మాకు గోవు, ధేనువు, సురభి అన్నీ తెలుసు. ఆవును కట్టే తాడు పేరు మాత్రం ఏ పరీక్షలోనూ అడగలేదు. ఈ తేడాను గూర్చి ఆ రోజు చాలాసేపు మాట్లాడుకున్నాము. పందొమ్మిదవ శతాబ్దంలో గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవునుండి, విశాఖపట్టణం వైపునుండి ఓడలెక్కి వచ్చిన మన పూర్వులను ఇక్కడ కోరంగీలు అనేవారు. వారిలో ఎందరికో అక్షరాలు రావు. వారు వెంట తెచ్చుకున్నది పశువుల కొట్టంలోని తెలుగు, పొలం గట్టుమీది తెలుగు. మన బడులలో తరువాత వచ్చి చేరినది ముద్రిత వాచకాల తెలుగు. రెండూ మంచివే. ఒక ఇంట్లో ఒక తరంవద్ద మొదటిది, మరొక తరంవద్ద రెండవది ఉండి, ఆ ఇద్దరూ క్రియోల్‌లో మాట్లాడుకుంటున్నారన్నదే చిత్రం.

ఆ పూటనుండి అబ్బాయి ఒక చిన్న నోటుపుస్తకం తెరిచాడు. మేము చెప్పలేదు. ఏం రాస్తున్నావని అడగనూ లేదు.

మూడవ రోజు పోటు తీసిన వేళ పోర్ట్ సూద్-ఎస్ట్ ఒడ్డుకు వెళ్ళాము. నీరు మోకాటి లోతుకు దిగుతుంది. అప్పుడు పల్లెలలోని ఆడవారు తలకు గడ్డిటోపీ, కాళ్ళకు బూట్లు, చేతిలో పొడవాటి ఇనుప చువ్వ ధరించి పగడపు దిబ్బవైపు నడిచిపోతారు. వారు పట్టేది ఊరీత్, అంటే ఆక్టోపస్. అది రాతి సందులలో దాగి రంగు మార్చుకుంటుంది. కొత్తవారి కంటికి రాయి, ఆక్టోపస్ ఒక్కటే. ఒకావిడ మాకు చూపించారు: సందు ముందర ఖాళీ గవ్వలు, పీతల చిప్పలు పడి ఉంటే లోపల ఇంటివారు ఉన్నారన్నమాట. పట్టినదాన్ని తిరగవేసి, రాతిమీద బాది, ఒడ్డుకు తెచ్చి కర్రల పందిరిమీద ఆరవేస్తారు. గాలికి ఎనిమిది కాళ్ళూ ఊగుతూ ఉతికిన బట్టల్లా కనిపిస్తాయి.

ఒకప్పుడు ఏడాది పొడవునా పట్టేవారు. క్రమంగా దొరికేవి చిన్నవైపోయాయి, దొరకడమూ తగ్గింది. 2012 నుండి ఏటా కొన్ని వారాలపాటు వేట పూర్తిగా నిలిపివేస్తున్నారు. ఆక్టోపస్ తొందరగా బరువెక్కే జీవి కనుక, ఆ కొద్ది వారాల ఓపికకే మళ్ళీ వేట మొదలైననాడు పెద్దవి దొరుకుతాయి. వేట ఆపిన రోజుల్లో ఆ స్త్రీలకు వేరే పనులు చూపించి కూలి ఇస్తారట. మేము వెళ్ళినపుడు నిషేధం మరికొద్ది రోజుల్లో మొదలుకానున్నది కనుక అందరూ హడావిడిగా ఉన్నారు. నాయనమ్మ ఒడ్డున రాతిమీద కూర్చుని, నడుములు వంచి నీటిలో వరుసగా కదులుతున్న ఆ స్త్రీలను ఎంతసేపో చూశారు. చెరకు చేలో కలుపు తీసిన రోజులు ఆమెకు గుర్తుకువచ్చాయి. "నడుము వంచితే ఎత్తకూడదు, ఎత్తితే మళ్ళీ వంగదు" అన్నారు. ఒడ్డుకు వచ్చిన ఒకావిడ నడుముమీద చెయ్యి పెట్టుకొని నిలబడగానే, నాయనమ్మ తన సంచిలోని నొప్పి తైలం సీసా తీసి ఇచ్చారు. ఇద్దరూ ఒకే వయసువారిలా ఉన్నారు.

ఈ ద్వీపపు చరిత్రలో మన ద్వీపానికి ఒక పాత బాకీ ఉన్నది. 1691లో ఫ్రాన్స్వా లెగా అనే ఫ్రెంచి ప్రొటెస్టెంటు ఏడుగురు సహచరులతో ఇక్కడ దిగి రెండేళ్ళు గడిపాడు. అప్పటికి ఈ నేలమీద శాశ్వతంగా నివసించిన మనిషి లేడు. పెద్ద తాబేళ్ళు ఎంత కిక్కిరిసి ఉండేవంటే వాటి వీపులమీద అడుగులు వేసుకుంటూ నేలను తాకకుండా నడవవచ్చునని అతడు రాశాడు. ఎగరలేని సొలిటేర్ అనే పక్షిని కూడా వర్ణించాడు. మన డోడోకు అది దగ్గరి చుట్టం. పద్దెనిమిదవ శతాబ్దం ముగిసేసరికి రెండూ లేవు. తాబేళ్ళను వేలకు వేలు ఓడలకెత్తి మారిషస్‌కు ఆహారంగా తరలించారు. ఇప్పుడు ఆన్స్ కీటోర్ దగ్గర లెగా పేరుతో 2007లో ఏర్పడిన వనంలో ఆల్డబ్రా, మడగాస్కర్‌లనుండి తెచ్చిన తాబేళ్ళు వందల సంఖ్యలో తిరుగుతున్నాయి. మా అమ్మాయి ఒకదాని మెడ క్రింద నిమిరితే అది మెడను చాచి కాళ్ళమీద లేచి నిలుచున్నది. పోయినవి ఇవి కావు, వీటి దాయాదులు. అయినా పిల్లలకు తాబేలు తాబేలే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేము. 1883 ఆగస్టులో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలినపుడు, సుమారు 4,800 కిలోమీటర్ల దూరంలోని ఈ ద్వీపంలో ఆ ధ్వని వినిపించింది. దూరాన ఫిరంగులు పేలుతున్నాయని ఇక్కడి పోలీసు అధికారి రాసుకున్నాడు. మా అమ్మాయి అప్పటినుండి ప్రతి సాయంత్రం తూర్పువైపు చెవి పెట్టి కూర్చున్నది.

ఐదవ రోజు గ్రాండ్ మోంతాన్ వనానికి వెళ్ళాము. బయటినుండి వచ్చి పాకిన చెట్లను పెరికివేసి, ఈ నేలకు చెందిన మొక్కలను ఒక్కొక్కటిగా తిరిగి నాటుతున్న కొండ అది. అక్కడ మాకు దారి చూపిన యువతి ఒక మొక్క కథ చెప్పింది. కఫే మారోన్ అనే ఆ చెట్టు కాఫీ కుటుంబానిది, ప్రపంచంలో ఈ ద్వీపంలో తప్ప మరెక్కడా లేదు. ఎన్నో ఏళ్ళుగా ఎవరికీ కనిపించలేదు కనుక అంతరించిపోయిందని తేల్చారు. 1980లో ఒక ఉపాధ్యాయుడు తన తరగతిలో అరుదైన మొక్కల బొమ్మలు చూపించాడు. ఒక పిల్లవాడు "ఇది మా ఇంటి దగ్గర ఉన్నది" అన్నాడు. ఎవరూ వెంటనే నమ్మలేదు. వెళ్ళి చూస్తే నిజమే. ఒకే ఒక చెట్టు, దారి పక్కన, మేకలు కొరికినది. వార్త తెలియగానే మందుకు పనికివస్తుందని జనం కొమ్మలు విరుచుకుపోసాగారు. కంచె వేశారు. ఒక కంచె చాలక మరొకటి వేశారు.

1986లో దాని కొమ్మ ముక్కలను లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి విమానంలో పంపారు. అక్కడ ఒకటి వేళ్ళు తొడిగింది. తెల్లని నక్షత్రాల్లాంటి పూలు పూసింది. ఏటేటా పూసింది. కాయ మాత్రం కాయలేదు. కొమ్మనుండి కొమ్మ, దానినుండి మరొక కొమ్మ, అన్నీ ఆ ఒక్క చెట్టే. విత్తనం లేదు. పుప్పొడిని చేర్చే పద్ధతులను మార్చి మార్చి ప్రయత్నించగా 2003లో గాని గింజ పట్టలేదు. ఆ గింజలనుండి పుట్టిన మొక్కలలో కొన్ని ఇప్పుడు మళ్ళీ ఈ ద్వీపానికి చేరాయి.

"పూసి కూడా కాయకపోతే అది బ్రతికి ఉన్నట్లేనా?" అని మా అమ్మాయి అడిగింది.

ఆ యువతి సమాధానం వెతుక్కుంటుండగానే మా అబ్బాయి గొణిగాడు: "మన తెలుగు తరగతిలాగే. వార్షికోత్సవంనాడు పూస్తుంది."

నవ్వు వచ్చింది. వెంటనే ఆగిపోయింది. పద్యం అప్పజెప్పే పిల్లలను, చప్పట్లు కొట్టే పెద్దలను, ఆ సాయంత్రం మళ్ళీ కారులో ఇంటికి వెళుతూ అందరూ మాట్లాడుకొనే భాషను తలచుకుంటే అతని మాటను తోసివేయడం ఎలా? నాయనమ్మకు ఆ మాట వినబడలేదు. ఆమె చిన్న మొక్క ఆకును పరిశీలిస్తున్నారు. ఈ చెట్టు లేతగా ఉన్నపుడు ఆకులు సన్నగా, పొడవుగా, ఎండుటాకు రంగులో ఉంటాయి. ఎదిగాక పచ్చగా, వెడల్పుగా మారతాయి. రెండూ ఒకే చెట్టువంటే నమ్మడం కష్టం.

శనివారం నాయనమ్మకు ఒక్కపొద్దు. ఆ మాట తాంతిన్‌కు ఎలా చెప్పాలో తెలియక "ఈ రోజు దేవుని రోజు, రాత్రికి మాత్రమే తింటారు, నీచు తగలకూడదు" అని విడమరచి చెప్పాము. ఆవిడ కాథలిక్కు. తమ ఉపవాసపు రోజులు తమకూ ఉన్నాయని, మాంసం వండని గిన్నె ఒకటి విడిగా ఉన్నదని చెప్పి తీసి తోమి ఇచ్చారు. పొద్దున పోర్ట్ మాతురిన్ సంతకు వెళ్ళాము. శనివారపు సంత తెల్లవారకముందే మొదలై ఎండ ఎక్కేసరికి ముగిసిపోతుంది. చిటికెనవేలిలో సగం లేని మిరపకాయలు, వాటి ఊరగాయ సీసాలు, చిన్న నిమ్మకాయలు, ఎర్ర చిక్కుడు గింజలు, తేనె, మొగలి ఆకుతో అల్లిన బుట్టలు, టోపీలు. ఆ ఆకును వారు వాకోవా అంటారు. నాయనమ్మ ఒక బుట్టను వాసన చూసి "మొగలి" అన్నారు, అల్లిక లెక్కపెట్టి "గంప కాదు, తట్ట" అని తీర్పు చెప్పారు. నోటుపుస్తకంలోకి రెండు మాటలు చేరాయి.

ఆ రాత్రి జరిగినదాన్ని మాత్రం కొంచెం వివరంగా రాయాలి.

తాంతిన్ ఇంటికి చుట్టుపక్కలవారు వచ్చారు. ముంగిట మంట వేసి, మేకతోలు బిగించిన గుండ్రని డప్పును దాని సెగకు కాచారు. తోలు బిగిసేవరకు వేలితో తట్టి చూస్తూ ఉన్నారు. ఈ ఆటపాటలను సెగా తాంబూర్ అంటారు. 2017లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా, మడగాస్కర్ జనం నుండి వచ్చినది. డప్పు పట్టేది తరచు స్త్రీలే. ఆ రాత్రి తాంతిన్ పట్టారు. ఒక చిన్న మాట, దానినే తిప్పి తిప్పి పాడతారు, అడుగులు వేగమవుతాయి, చుట్టూ ఉన్నవారు చప్పట్లు అందుకుంటారు. పాటలు ముగిశాక తాంతిన్ నాయనమ్మవైపు చూసి, "మీ ఊరి పాట ఒకటి" అన్నారు.

నాయనమ్మ సిగ్గుపడలేదు. అరవై ఏళ్ళుగా దీపం చుట్టూ తిరుగుతూ రామభజన పాడినవారు. కొంగు సర్దుకొని ఎత్తుకున్నారు. రెండవ చరణానికి తాంతిన్ డప్పు అందుకున్నది. తాళం పట్టడానికి వారికి భాష అవసరం కాలేదు. పాట అయిపోయాక తాంతిన్ క్రియోల్‌లో అడిగారు: "చివర మళ్ళీ మళ్ళీ పాడారే, దరి, దరి అని, అది ఎవరు?"

నాయనమ్మ కాసేపు ఆలోచించారు. "మా అమ్మ పాడేది, నేను పాడుతున్నాను. రాముడి ఊరు కావచ్చుననుకున్నాను" అన్నారు.

ఆ మాట మాకు తెలుసు. పుస్తకాలలో ఎన్నిసార్లో చదివాము. "అమ్మా, దరి అంటే ఒడ్డు. నన్ను ఒడ్డుకు చేర్చమని అడగడం" అని చెప్పాము. తరువాత తాంతిన్‌కు క్రియోల్‌లో చెప్పాము. మంట చుట్టూ ఉన్నవారు తలలు ఊపారు. చేపలు పట్టేవారికి ఒడ్డు గూర్చి విడమరచి చెప్పనక్కరలేదు.

నాయనమ్మ మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లగా అన్నారు: "మా అమ్మకు తెలిసే ఉంటుందా?"

ఆమె తల్లి ఇక్కడే పుట్టినావిడ. అమ్మమ్మ ఓడ దిగి వచ్చినావిడ. తెలిసి ఉంటుందనే అన్నాము. నిజం ఎవరికి తెలుసు? అరవై ఏళ్ళు ఒక మాటను అర్థం తెలియకుండానే జాగ్రత్తగా మోసిన మనిషి ఒకవైపు, అర్థం తెలిసి ఒక్కనాడూ గొంతెత్తి పాడని మేము ఒకవైపు ఉన్నాము. అబ్బాయి మంట వెలుగులో పుస్తకం తెరిచి ఏదో రాసుకున్నాడు. "ఒడ్డుకు, దరికి తేడా ఏమిటి?" అని అడిగాడు. ఒడ్డు ఎక్కడినుండైనా కనిపిస్తుందని, దరి నీటిలో ఉన్నవాడికే కనిపిస్తుందని మాలో ఒకరు చెప్పారు. నిఘంటువు ఒప్పుకుంటుందో లేదో గాని, ఆ రాత్రికి ఆ సమాధానం నిలిచింది.

తిరుగు ప్రయాణంలో సంచులనిండా నిమ్మకాయలు, తేనె, మిరప ఊరగాయ. తట్ట నాయనమ్మ ఒడిలోనే వచ్చింది. బయలుదేరే ముందు ఆమె ఆవు దగ్గరకు వెళ్ళి గుంజను చేతితో కదిపి చూసి, గట్టిగానే ఉన్నదని తాంతిన్‌కు చెప్పారు. తాంతిన్ "పాలుపు" అని పలికి, సరిగా పలికానా అన్నట్లు చూశారు. "పలుపు" అని మా అబ్బాయి దిద్దాడు.

ఫారం సంచి అడుగున మడత విప్పకుండానే తిరిగి వచ్చింది. ఇప్పుడు ఫ్రిజ్ పైన ఉన్నది. గడువు వచ్చే శుక్రవారం. మేము అడగడం లేదు. ఈ వ్యాసం అచ్చయ్యేనాటికి ఆ గడువు దాటిపోయి ఉంటుంది. నోటుపుస్తకంలో నేటికి నలభై మూడు మాటలు ఉన్నాయి. వాటిలో జొన్నపొత్తు అన్నదానిని తెలుగు తరగతిలో మాస్టారు మొక్కజొన్న కంకి అని దిద్దారట. ఇంటికి వచ్చి చెబితే నాయనమ్మ ఒప్పుకోలేదు. రెండూ ఉంచుకొమ్మని తీర్పు అయింది.

ఒక పేజీలో మాత్రం ఎడమవైపు బొమ్మ ఉన్నది, కుడివైపు ఖాళీగా ఉన్నది. అది ఆక్టోపస్. అష్టపాది అనవచ్చునని మేము చెప్పాము. అది కట్టిన మాట, పిలిచే మాట కాదని అబ్బాయి కొట్టివేశాడు. నాయనమ్మ ఎనిమిదికాళ్ళమ్మ అన్నారు. అమ్మాయికి నచ్చింది, అబ్బాయి ఇంకా ఆలోచిస్తున్నాడు. కోరంగి నుండి వచ్చినవారికి, వారి పిల్లలకు, ఒడ్డున బ్రతికి దానిని వండుకు తిన్నవారికి దానికొక పేరు ఉండే ఉంటుందని అతని వాదం. పాఠకులలో ఎవరి ఇంటి పెద్దలకైనా ఆ పేరు గుర్తుంటే, అది ఏ ఊరిలో ఎవరినోట విన్నదో కూడా రాసి, ఈ పత్రిక ద్వారా మాకు తెలియజేయగలరు.